ఉడకని కందగడ్డ

ఆ చలికాలమంత మా ఇంట్ల మాటలు తక్కువ, వాసనలు ఎక్కువ.

ఇప్పటికీ పొద్దుగాల్నే మంచు దిగిందంటె నాకు ముందు కండ్లకు ఏం కానరాదు. నిప్పుల మీద కాలుతున్న కందగడ్డ, అదే చిలగడదుంప, తియ్యటి వాసనొస్తది. దాని ఎన్కనే పెనం మీద ఉల్లిగడ్డ మగ్గిన వాసన, గుడ్డు కొట్టి పోసినప్పటి కమ్మటి వాసన. ఆ రెండు వాసనల నడుమ మా ఇల్లు ఆ ఏడు అటు సగం ఇటు సగం ఉండె. ఒక సగం గోదావరిఖని కాలనీల మా క్వార్టర్ల, ఇంకో సగం మెయిన్ రోడ్డు మీద మన్సూర్ అన్న బండ్ల షెడ్డు ముంగట. నేను ఆ రెండింటి నడుమ నిద్రల నడిచినట్టు తిరిగిన.

మా బాపు పేరు లింగమూర్తి. పెండ్లికి ముందటి నుంచే భూమి కింద బొగ్గు తీసిండు. దీపావళి ఎల్లినంక ఆయన ఊపిరితిత్తులు బాగలేవని, ఇగ గని దిగద్దని డాక్టర్లు తేల్చిండ్రు. మా దిక్కు దాన్ని అన్‌ఫిట్ అంటరు. అన్‌ఫిట్ అయినాయన జాగల ఇంట్లకెళ్లి ఒకరికి కొలువిస్తరు. ఆ ఒక్కరు ఎవరని మా ఇంట్ల ఎవ్వరూ అడగలే. అడిగే ముచ్చటే గాదనుకున్నరు. తమ్ముడు అంజి ఉన్నడు గద.

ఆ మాపు అవ్వ, మా అమ్మ సారక్క, చుక్కకూర పప్పు వండింది. నలుగురం కింద కూసొని తింటున్నం. బాపు దగ్గుకుంట దగ్గుకుంటనే నవ్విండు.

"ఇగ నీ వంతు కొడుకా. సోమారం పోదాం, నీ పేరు రాయిస్త."

అంజి బువ్వ కలుపుడు ఆపిండు. "నేను పోను బాపు."

"ఏడికి, ఆఫీసుకా?"

"గనికి."

అవ్వ చేతిల గంటె పప్పు గిన్నెలనే ఆగింది. బాపుకు ముందు సమజ్ గాలే. పరాచికమాడుతుండనుకున్నడు.

"భయమా?" అన్నడు.

"భయం గూడ ఉన్నది. అబద్ధమెందుకు చెప్పాలె?" అంజి తల వంచుకొనే చెప్పిండు. "చిన్నప్పటిసంది గోడవతల పండుకొని నీ దగ్గు ఇనుకుంట పెరిగిన బాపు. నాకు పానం ఒప్పుతలేదు. నాకు వంట వస్తది. దాంతోని బతుకుత."

అది ఉత్త మాట గాదు. ఇంటరు అయిపోయిన కాడినుంచి వాడు పెండ్లిళ్ల వంటోళ్ల ఎంబడి తిరుగుతుండె. మంచిర్యాల, మందమర్రి, యాడ పెండ్లయితె ఆడ పొయ్యి కాడ ఉంటుండె. బాపు దాన్ని కాలక్షేపమనుకున్నడు.

"గుడ్లు ఉడకవెట్టుకుంట బతుకుతవా?" బాపు గొంతు పెద్దగ లేవలే. లేస్తె దగ్గు వస్తది. "లింగమూర్తి కొడుకు రోడ్డు మీద బండి వెట్టిండంటె నేను నలుగురిల ఎట్ల తిరగాలె? ఈ కొలువు కోసం మంది దేవునికి మొక్కుతున్నరు. నువ్వు కాలుతోని తన్నుతున్నవ్."

అంజి పల్లెం పక్కకు జరిపిండు.

"అట్లయితె నీ బతుకు నువ్వు సూసుకో. నా కండ్ల ముంగట వద్దు."

అంజి చెయ్యి కడుక్కున్నడు. రెండు జతల బట్టలు, తన ఇనుప పెనం సంచిల ఏసుకొని పోయిండు. తలుపు గూడ మెల్లగ దగ్గరికేసి పోయిండు. వాడు దబ్బున ఏసి పోయినా బాగుండనిపిచ్చింది నాకు.

* * *

అంజి ఎంతో దూరం పోలే. మెయిన్ రోడ్డు మీద మన్సూర్ అన్నకు మోటర్ సైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉన్నది. ఎనుక రెండర్రలల్ల ఆయన, ఆయన అమ్మ మహబూబీ ఖాలా ఉంటరు. ఖాలా మా చిన్నప్పుడు మా పక్క క్వార్టర్లనే ఉండె. అంజిని చంకలేసుకొని తిప్పినామె. ఆమె షెడ్డు ముంగట జాగ చూపిచ్చి, "బండి ఇక్కడ పెట్టు బేటా, డ్యూటీకి పోయెటోల్లందరు ఈ తొవ్వనే పోతరు" అన్నదట.

నేను ఐటీఐల కరెంటు పని నేర్చుకున్న. అప్పట్ల ఒక షాపుల మోటర్లకు వైండింగ్ చేస్తుంటి. పొద్దుగాల షాపుకు పోయే తొవ్వల అంజి దగ్గర దిగుడు అలవాటైంది. మొదటిసారి పోయినప్పుడు మంచు ఎట్లున్నదంటె పవర్‌హౌజ్ గొట్టాలు కింది సగం లేవు. పై కొసలు, వాటి మీది ఎర్ర లైట్లు మాత్రం ఆకాశంల ఊరికె నిలవడ్డయి. రోడ్డు మీద లారీలు కానస్తలేవు, చప్పుడే వస్తంది. ఆ తెల్లదనంల ఒక్క చోట పొయ్యి ఎర్రగ మండుతంది. దాని పక్కన నా తమ్ముడు మఫ్లర్ చుట్టుకొని, బొగ్గుల కింద కందగడ్డలు పొర్లిస్తుండు.

"రా అక్కా," అన్నడు, నేను రోజూ వస్తున్నట్టు.

మహబూబీ ఖాలా స్టూలు మీద కూసొని పొయ్యికి చేతులు చాపింది. "దేఖ్ బేటీ, నీ తమ్మునికి దిమాక్ ఖరాబైంది. తీపి గడ్డల అండా కలుపుతుండు! గడ్డ పండుగకు తింటరు, అండా పొద్దుగాల తింటరు. రెండింటికి లగ్గం చేస్తుండు."

"నిన్న రెండు ప్లేట్లు తిన్నవ్ గద ఖాలా," అన్నడు అంజి.

"తిన్న. పాగల్ అని గూడ అంటున్న. నీకు ఒగటి వద్దా బేటీ?"

అందరు బజ్జీలు, పూరీలు అమ్ముతున్నరు, ఇంకో పూరీ బండి ఎవలకు గావాలె అన్నడు అంజి. అప్పుడే కందగడ్డల కాలం. గోదావరి అవతలి దిక్కు చెలకల్లకెళ్లి ఎర్ర తోలు గడ్డలు, మట్టి గూడ ఆరకముందే అంగడికొస్తున్నయి. ఒక గడ్డ, ఒక గుడ్డు కడుపుల పడితె షిఫ్టు మనిషి మధ్యాహ్నం దాక నిలవడుతడని వాని లెక్క. అయితె గడ్డ తీపి, గుడ్డు కమ్మదనం ఒకదాన్నొకటి ఒప్పుకోవు. నడుమ కారం, పులుపు పెద్దమనుషుల లెక్క కూసోవాలె. అది వానికి నాలుగైదు దినాల్ల దొరికింది.

కాలిన గడ్డను తీసి, బూడిద దులిపి, నడుమకు చీరిండు. లోపల పసుపుపచ్చగ, ఆవిరి లేసుకుంట ఉన్నది. పెనం మీద ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర ఏసి రెండు గుడ్లు కొట్టి గెలికి, ఇంకా తడి ఉండంగనే ఆ చీలికల నింపిండు. మీదికెళ్లి నిమ్మకాయ పిండిండు.

నేను నోట్లె పెట్టుకున్న. ముందు తీపి వచ్చింది, వచ్చినట్టే పోయింది, దాని ఎన్క మిరపకాయ మంట, పులుపు, మెత్తటి గుడ్డు. అన్నీ పోయినంక మల్ల తీపి వచ్చి నాలిక మీద కూసున్నది. నాకెందుకో కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కారమనే చెప్పిన.

"బాపు తింటుండా?" అడిగిండు అంజి, పెనం తుడుసుకుంట.

"రెండు బుక్కలు. ఏది పెట్టినా మట్టి లెక్క ఉన్నదంటుండు."

వాడు పెనం పక్కన పెట్టిండు. ఎనుకకు పోయి ఒక గిన్నె తెచ్చిండు. మాపటి గిరాకీ కోసం చేస్తున్న పులుసు. కందగడ్డ ముక్కలు, ఉడకవెట్టి గాట్లు పెట్టిన గుడ్లు, మెంతుల వాసన.

"ఇది పట్కపో. నేను చేసిన్నని చెప్పకు."

"మరి ఎవలు చేసిండ్రని చెప్పాలె?"

"నువ్వే చేసినవని చెప్పు."

నాకు నవ్వచ్చింది. "నాకు పులుసు ఎట్ల చేస్తరో గూడ తెల్వది."

"ఎవలన్న అడిగితె చెప్పనీకె ఉంటది, ఇను. గడ్డను ముందు ఉప్పు నీళ్లల్ల సగం ఉడకవెట్టాలె. అప్పుడు చింతపండు పులుసు పొయ్యాలె. ముందే పోస్తె గడ్డ బిర్రుగైతది, ఎంత మండవెట్టినా ఉడకది. గుడ్డు ఆఖర్ల ఎయ్యాలె."

నేను తలూపిన. షాపుకు పోయేటాళ్లకు మర్చిపోయిన.

* * *

బాపు ఆ మధ్యాహ్నం పులుసు పోసుకొని బువ్వ తిన్నడు. నేను వాకిట్ల నిలవడి చూసిన. మొదటి బుక్క నోట్లె పెట్టుకొని ఆగిండు. కండ్లు మూసుకున్నడు. ఉమ్మేస్తడేమో అనుకున్న. మింగిండు. ఇంకో బుక్క కలిపిండు.

"ఎవలు చేసిండ్రు?"

"నేనే బాపు."

"ఎన్నడు నేర్చుకున్నవ్?"

"ఫోన్ల చూసి."

ఆయన గుడ్డును సగం చేసి, పచ్చసొన మీద పులుసు పోసుకొని తిన్నడు. "మంచిగున్నది," అన్నడు. అన్‌ఫిట్ అయిననాటి నుంచి ఆయన నోట్లెకెళ్లి ఆ మాట వినుడు అదే మొదటిసారి.

ఇగ అది రోజుటి పనైంది. షాపుల అన్నం తినే యాళ్లకు సైకిల్ మీద అంజి కాడికి పోయి, టిఫిన్ డబ్బ తీసుకొని ఇంటికొచ్చి, మా గిన్నెలల్ల పోసి పెడుతుంటి. ఒకనాడు పులుసు. ఒకనాడు మహబూబీ ఖాలా నేర్పిన టిక్కీలు: ఉడికిన గడ్డను మెదిపి, గుడ్డు కలిపి, జీలకర్ర, పుదీన ఏసి పెనం మీద రెండు దిక్కుల ఎర్రగ కాల్చినయి. ఒకనాడు గడ్డను సన్నగ తురిమి పోసిన గుడ్డు అట్టు. అవ్వకు మొదటి దినమే తెల్సింది. తన వంటింట్ల ఏం ఉడికిందో ఏం ఉడకలేదో ఆమెకు తెల్వదా? డబ్బ కడిగి, తుడిసి, నా సైకిల్ బుట్టల పెట్టేది. ఒక్కోనాడు ఖాళీ డబ్బల కొన్ని ఎల్లిపాయలు, ఎండిన చింతపండు ఉండ పెట్టి పంపేది. అది కొడుకుతోని ఆమె మాట్లాడే మాట.

తిన్నంక బాపు ఎనుక వాకిట్ల నులక మంచం మీద పండుకునేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ అయినప్పుడు నేల జర ఊగేది. గూట్ల గిలాసలు సన్నగ మోగేటివి. బాపు నిద్రలనే కాలు ముడుసుకొని, "పైకప్పు చూడుండ్రి, పైకప్పు," అనేటోడు. మల్ల నిద్రల మునిగేటోడు. చలికాలపు ఎండ ఆయన మొఖం మీద పడి, ముడుతలల్ల ఎన్నడూ పోని నల్లటి గీతలు మెరిసేటివి. నేను పక్కన కూసొని చూస్తుంటి. ఆయన ఏ దారుల తిరుగుతుండో, ఆ చీకటి ఎట్లుంటదో, అందుల గాలి ఏ దిక్కు నుంచి వస్తదో తెల్సుకోవాలనిపిచ్చేది. చిన్నప్పుడు గూడ అనిపిచ్చింది. ఎవలకూ చెప్పలే.

అంజికి మాత్రం ఒకనాడు చెప్పిన. మంచుల పొయ్యి కాడ.

"నువ్వు పోనంటున్నవ్ గద. నేను పోవాలనుకుంటున్న."

వాడు గుడ్డు కొట్టుడు ఆపి నా దిక్కు చూసిండు. నవ్వలే. "నాకు తెల్సు అక్కా. బాపు లైటు, టోపీ ఇంటికి తెచ్చిన నాడు నువ్వే పెట్టుకొని అద్దం ముంగట నిలవడ్డవ్. నేను మంచం కిందికి ఉరికిన. అడుగు."

"ఎట్ల అడగాలె? అవ్వ ఏమంటదో ఎరుకేనా? ఆడివిల్లకు కొలువిస్తె రేపు పెండ్లయి అత్తగారింటికి పోతది, కొలువు గూడ పరాయింటికి పోతది అంటది."

"ఆడోల్లను గూడ తీసుకుంటున్నరు గద ఇప్పుడు."

"కంపెనీ తీసుకుంటది. బాపు తీసుకోవాలె గద."

మహబూబీ ఖాలా అన్నీ ఇని, ఏం ఇననట్టు తస్బీ పూసలు తిప్పుకుంట కూసున్నది. నేను పోయేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకొని, "బేటీ, నోటికి తాళమేసుకొని కూసుంటె అల్లా గూడ ఎట్ల తెలుసుకుంటడు?" అన్నది.

అయినా నేను అడగలే.

* * *

సంక్రాంతి పోయినంక ఒక పొద్దుగాల, మంచు కిటికీల దాక వచ్చి ఆగిన నాడు, బాపుకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానల ఇచ్చిన నెబులైజర్ మిషన్ పెట్టినం. మందు పొగ ముక్కుకు అందుతున్నదో లేదో, సాకెట్ల పటుక్కుమన్నది. నిప్పురవ్వ లేసింది. కాలిన ప్లాస్టిక్ వాసన. మిషన్ ఆగింది, ఇల్లంత చీకటైంది.

బాపు మంచం పట్టె పట్టుకొని ముంగటికి వంగిండు. ఊపిరి లోపలికి పోతలేదు. ఈల ఏసినట్టు చప్పుడొస్తంది. అవ్వ ఏడ్సుకుంట ఫోన్ తీసి అంజికి చేసింది. ఆ నిమిషంల ఆమెకు ఎవలి కోపం యాదికుంటది?

అంజి ఉరికొచ్చిండు. మెడల తువ్వాల, చేతులకు ఉల్లిగడ్డ వాసన. అప్పటికే నేను నా సంచిలకెళ్లి స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్ తీసిన.

"ఫోన్ లైటు పట్టు," అన్న.

వాడు పట్టిండు. బాపు ఇంకోసారి ఎగవోసిండు. గోడ మీద లైటు వణికింది. నా చేతుల మీదికి రావాల్సిన ఎలుగు కిటికీ మీదికి, క్యాలెండర్ మీదికి పోతంది.

"అంజీ, లైటు కదపకు."

"కదుపుతలేను అక్కా," అన్నడు, వాని పండ్లు కొట్టుకుంటున్నయి.

నేను మెయిన్ ఆపిన. కాలిన సాకెట్టును ఇప్పి, దాని తీగలు లైనుకెళ్లి ఎడదీసి టేపు చుట్టిన. ఫ్యూజు గుంజి, కొత్త తీగ చుట్టి మల్ల పెట్టిన. షాపుల రోజూ చేసే పనే. చేతులు వాటంతట అవే పోతున్నయి. నా ఎనుక ఆ ఈల చప్పుడు ఇనస్తనే ఉన్నది, గాని ఎక్కడో దూరంల, వేరే ఇంట్ల వస్తున్నట్టు. మెయిన్ ఏసిన. వంటింట్ల బల్బు ఎలిగింది. మిషన్ను ఆ ప్లగ్గుకు పెట్టి, బాపు మంచం ఆడికి గుంజినం. పొగ వచ్చింది. బాపు మొఖానికి మాస్కు పెట్టి పట్టుకున్న.

జరసేపటికి ఈల సన్నగైంది. ఆ మాస్కు మీదికెళ్లి ఆయన కండ్లు తెరిసి చూసిండు. ముందు అంజిని. వాడు గోడకానుకొని, ఇంకా ఎలుగుతున్న ఫోన్ పట్టుకొని నిలవడ్డడు. ఆనక నన్ను. నన్ను చానసేపు చూసిండు. నా మొఖం గాదు, చేతులు.

అంజి పొయ్యి దిక్కు తిరిగిండు. రెండు కందగడ్డలు ఉడకవెట్టి, తోలు తీసి, మెత్తగ మెదిపిండు. గుడ్లు గిలకొట్టి, మిరియాల పొడి, చెంచెడు నెయ్యి ఏసి, సన్న మంట మీద గంటెతోని కలుపుకుంట కలుపుకుంట ఉన్నడు. పొయ్యి కాడ మాత్రం వాని చేతులు వణకలే. గిన్నెను బాపు మంచం పక్కన స్టూలు మీద పెట్టిండు. "వేడిగున్నప్పుడే పెట్టు అవ్వా," అని పోయిండు.

బాపు వాడు పోయిన దిక్కు చూసిండు. గిన్నె దగ్గరికి జరుపుకున్నడు. మొత్తం తిన్నడు. గిన్నెను వేలుతోని గీరి మరీ తిన్నడు.

మర్నాడు నేను మల్ల డబ్బ తెచ్చిన. మల్ల నేనే చేసినట్టు పెట్టిన. బాపు మల్ల ఏం అడగకుంట తిన్నడు.

* * *

శివరాత్రి వచ్చింది. ఊరంత ఒక్కపొద్దు. గుడ్లు ముట్టే దినం గాదని అంజి బండి తియ్యలే. అవ్వ పొద్దుగాల్నే తలకు పోసుకొని, "కందగడ్డలు కడిగి పెట్టిన, బాపుకు ఉడకవెట్టు బిడ్డా" అని గుడికి పోయింది. బాపును ఒక్కపొద్దు ఉండద్దని డాక్టర్లు చెప్పిండ్రు. అయినా ఆయన గడ్డలు, పండ్లే తింటనని కూసున్నడు.

గడ్డలు గిన్నెలేసి, నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టిన. ఉత్త నీళ్లల్ల గడ్డ ఉడకవెట్టుడు కూడ రానోల్లు ఉంటరా అనుకున్న. ఎనుక వాకిట్ల ఎండ బాగున్నది. జామచెట్టు మీద పిట్టలు. బ్లాస్టింగ్ లేదు, లారీల చప్పుడు తక్కువ. లోకమంత ఆకలితోని మెత్తగ, తేలిగ్గ ఉన్నట్టున్నది. ఉడికినయనిపిచ్చి దించిన. బాపుకు పల్లెంల పెట్టిచ్చిన.

ఆయన ఒకటి ఇరవబోయిండు. ఇరగలే. జోరుగ ఇరిసిండు. మీద మెత్తగున్నది, నడుమ తెల్లగ, పచ్చిగ, బిర్రుగ ఉన్నది. కొరికిండు. కరకర చప్పుడొచ్చింది.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

"ఇది నువ్వు ఉడకవెట్టినవు," అన్నడు బాపు.

"అవ్ బాపు."

"నీకు వంట రాదు బిడ్డా."

"రాదు బాపు."

ఆయన ఆ పచ్చి గడ్డను ఇంకోసారి కొరికి, మెల్లగ నమిలిండు. ఎండల జామాకుల నీడ ఆయన బనీను మీద కదులుతంది. కోపమొస్తదని చూస్తున్న, వస్తలేదు.

"పులుసు తిన్న మొదటి దినమే సమజైంది," అన్నడు. "చిన్నప్పటి నుంచి వాని చేతివంట తినంగ తినంగ తెల్వదా? అవ్వకు జరమొస్తె పొయ్యి కాడ వాడే ఉంటుండె. నువ్వు ఫ్యాను ఇప్పుకొని కూసుంటుంటివి." జర ఆగి ఊపిరి తీసుకున్నడు. "తెల్సి గూడ తిన్న. ఆకలైంది మరి."

ఆయన పల్లెం పక్కన పెట్టిండు. నా దిక్కు చూడలే, వాకిట్ల నా కాళ్ల దిక్కు చూసిండు.

"నీ కాలు సైజెంత?"

"ఏంది బాపు?"

"కాలు. చెప్పులు ఏ సైజు తొడుగుతవ్?"

"అయిదు."

"అయిదు." ఆయన మంచం మీద ఎనుకకు వాలి, కండ్ల మీద ఎండ పడకుంట చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. "గనిల బూట్లు పెద్దయే ఇస్తరు. రెండు జతల సాక్సులు తొడుక్కోవాలె. లేకుంటె మడిమెలు కొట్టుకపోతయి. నేను మొదటి నెలంత కుంటిన."

పిట్టలు అరుస్తనే ఉన్నయి. ఆయన చెయ్యి తియ్యకుంటనే, "ఆ పచ్చి గడ్డలు మల్ల పొయ్యి మీద పెట్టు పో. మూత పెట్టి ఉడకవెట్టు," అన్నడు.

అవ్వ గుడి నుంచి వచ్చి ఇని, నేననుకున్న మాటే అన్నది. "పెండ్లయితె కొలువు పరాయింటికి పోతది గదయ్యా."

"పోతె పోనీ సారక్కా," అన్నడు బాపు. "కొలువు చేసేది ఆమెనే గద. ఏడికి పోయినా చేస్తది."

అవ్వ కుంకుమ పొట్లం ఇప్పి ముందు ఆయన నొసటికి పెట్టింది. నా కాడికి వచ్చి, పెట్టుడు ఆగి, నా రెండు చేతులు పట్టుకొని తిప్పి తిప్పి చూసింది. అప్పుడు పెట్టింది.

జాగారం తెల్లారినంక బాపు మఫ్లర్ చుట్టుకొని, కర్ర పట్టుకొని బయలెల్లిండు. నేను ఎంబడి పోయిన. మెయిన్ రోడ్డు దాక పోనీకె ఆయన రెండు చోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నడు. షెడ్డు కాడ అంజి పొయ్యి అంటిస్తుండు. ఒక పెద్ద బేసిన్ల ఉడికిన గుడ్లు చల్ల నీళ్లల్ల ఉన్నయి. బాపును చూసి అంజి చేతిల అగ్గిపెట్టె కింద పడ్డది.

బాపు వాని దిక్కు పోలే. మహబూబీ ఖాలా స్టూలు ఖాళీగుంటె దాని మీద కూసున్నడు. బేసిన్ దగ్గరికి గుంజుకున్నడు. ఒక గుడ్డు తీసి, అంచుకు మెల్లగ కొట్టి, నీళ్లల్ల ముంచి, పెంకు ఒలిసిండు. జీవితమంత బొగ్గు పగలగొట్టిన ఆ వేళ్లు, ఆ తెల్లదనం మీద ఒక్క గీత గూడ పడకుంట ఒలిసినయి. ఇంకోటి తీసిండు.

అంజి నా దిక్కు చూసిండు. నేను ఊరుకొమ్మని సైగ చేసిన. వాడు అగ్గిపెట్టె ఏరుకొని పొయ్యి అంటిచ్చిండు. ఖాలా లోపల్నుంచి వచ్చి, తన స్టూలు పోయిందని చూసి, "అరె లింగమూర్తి భాయ్, నా జాగ కబ్జా చేసినవా?" అన్నది. బాపు నవ్విండు. దగ్గు వచ్చింది. తగ్గినంక ఇంకో గుడ్డు తీసిండు.

* * *

నా కొలువు వచ్చేటాళ్లకు ఎండాకాలం, వానకాలం ఎల్లినయి. నేర్పుడు అయ్యి, నేను మొదటిసారి గని దిగిన నాటికి మల్ల అంగడిల కొత్త కందగడ్డలు వచ్చినయి.

ఆ దినం కింద ఎట్లుండెనో ఎవలడిగినా నాకు సక్కగ చెప్పరాదు. చీకటి నల్లగుండదు, దానికి బరువుంటది. గాలి ఒక దిక్కు నుంచి వచ్చి మెడ తాకి పోతది. పంపుల కాడ వైర్లు చూస్తుంటె పై నుంచి నీళ్లు చుక్క చుక్క పడ్డయి. భయమైందా అంటె అయింది. ఎనుకకు పోవాలనిపిచ్చిందా అంటె అనిపియ్యలే.

షిఫ్టు దిగి పైకొచ్చినంక ఎలుగుకు కండ్లు తెరువరాలే. మొఖం గూడ కడుక్కోకుంట, మందితోని కలిసి మెయిన్ రోడ్డెంబడి నడిసిన. షెడ్డు ముంగట అప్పటికే రెండు బెంచీలు నిండినయి. అంజి పెనం మీద గుడ్లు గెలుకుతుండు. బాపు తల వంచుకొని, ఒలిసిన గుడ్లను చీల్చిన గడ్డలల్ల పెట్టి, ప్లేట్లు మందికి అందిస్తుండు. ఆవిరి ఆయన మొఖం చుట్టు తిరుగుతంది.

నేను చెయ్యి చాపిన. బాపు తల ఎత్తలే. ఆ చేతుల వరుసల నాది ఇంకో నల్ల చెయ్యి.

"కారం ఎక్కువెయ్యాల్నా అన్నా?" అన్నడు.

"ఎయ్యి బాపు."

ఆయన తల ఎత్తిండు. నన్ను చూసిండు. బొగ్గు పొడి మొఖం, చెమటతోని పడ్డ చారలు, తలకు చుట్టిన చున్నీ. ఆయన చేతిల ప్లేటు అట్లనే ఆగింది. అంజి పెనం మీది గుడ్డు మాడిన వాసనొచ్చింది, ఎవలూ పట్టించుకోలే.

బాపు బెంచీ దిక్కు తిరిగిండు. కూసున్నోల్లను చూసి, గొంతు సవరిచ్చుకున్నడు.

"జర జరుగుండ్రి," అన్నడు. "మనిషి డ్యూటీ దిగొచ్చింది."